బల్ల దగ్గర ఎవరి పక్కన కూర్చుంటున్నాం?

(సికింద్రాబాద్‌లో ఒక యువజన కూటమిలో చేసిన ప్రసంగానికి రాతరూపం. మాట్లాడిన తీరు పెద్దగా మార్చలేదు.)

అందరికీ వందనాలు. వెనక వరుసల్లో వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, మైక్ దగ్గరికి జరుగుతాను.

నాకిచ్చిన అంశం "క్రైస్తవ విశ్వాసం, సంస్కృతి, రాజకీయం". ఈ మాట వినగానే ఎవరికి ఓటెయ్యాలో చెప్తుందేమో అనుకున్నవాళ్ళు ఇక్కడ కొందరుంటారు, మన మీద జరుగుతున్న దాడుల గురించి, మూతపడిన ప్రార్థనా మందిరాల గురించి మాట్లాడుతుందేమో అనుకున్నవాళ్ళు ఇంకొందరు ఉంటారు. అవన్నీ మాట్లాడుకోవాల్సినవే. కానీ ఇవాళ నేను బల్ల గురించి మాట్లాడదామని వచ్చాను. మనం నెలకోసారి, కొన్ని సంఘాల్లో ప్రతి ఆదివారం, పుచ్చుకునే ఆ చిన్న రొట్టె ముక్క, ఆ చిన్న గ్లాసు ద్రాక్షారసం గురించి. క్రైస్తవులకి ఒక రాజకీయం అంటూ ఉంటే అది మొదలయ్యేది ఆ బల్ల దగ్గరే అని నా నమ్మకం. అక్కడ తప్పు జరిగితే ఆ తర్వాత ఎంత పెద్ద సభ పెట్టినా, ఎంత పెద్ద ర్యాలీ తీసినా ఆ తప్పు మన వెంటే వస్తుంది.

ముందు ఒక సంగతి చెప్తాను. తొంభైల్లో మా ఆయనా నేనూ అద్దె ఇంటి కోసం మల్కాజిగిరి వైపు తిరుగుతున్నాం. ఒక ఇంటి గుమ్మం మీద "నేనును నా యింటివారును యెహోవాను సేవించెదము" అన్న వాక్యం ఫ్రేము కట్టి ఉంది. అది చూడగానే అమ్మయ్య అనుకున్నాం, అప్పటికి వారం రోజులుగా వెజిటేరియన్సా, ఏమిట్లు అన్న ప్రశ్నలు విని విని ఉన్నాం కదా. ఆ ఇల్లుగలామె చాలా మంచిగా మాట్లాడింది, కాఫీ ఇచ్చింది, ఏ సంఘం అని అడిగింది, ఏ ఊరు అని అడిగింది, అన్నీ చెప్పాం. ఆఖర్న అడిగింది, "మరి అంతకుముందు ఏమిటి మీరు?" అని. మా ఆయనకి అర్థం కాలేదు. "అంతకుముందు అంటే?" అన్నాడు. "అదేనయ్యా, నమ్ముకోకముందు." మా వాళ్ళు నమ్ముకుని అప్పటికే వందేళ్ళు దాటింది. మా నాయనమ్మకి కూడా తెలియని "అంతకుముందు" అది. అయినా దాచాల్సిన పనేముందని చెప్పాం. మర్నాడు ఫోన్ చేస్తే వేరేవాళ్ళు అడ్వాన్స్ ఇచ్చేశారు అన్నారు. ఆ ఇంటికి టులెట్ బోర్డు ఇంకో నెల రోజులు అలాగే వేలాడింది, నేను రోజూ బస్సులోంచి చూసేదాన్ని.

ఆమె అబద్ధపు విశ్వాసి అని నేను అనను. ఆమె ప్రార్థన నిజమైందే అయి ఉంటుంది. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. అంత నిజమైన ప్రార్థన ఆ ఒక్క ప్రశ్నని ఎందుకు ముట్టుకోలేకపోయింది? దీనికి జవాబు వెతుకుతూనే నేను సిద్ధాంతం చదవడం మొదలుపెట్టాను, అంతకుముందు నాకు దాని మీద పెద్ద ఆసక్తి లేదు.

సరే, బైబిల్లోకి వెళ్దాం. గలతీ పత్రిక రెండో అధ్యాయం. అంతియొకయలో పేతురు అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్ళతో, కలిసి భోంచేస్తున్నాడు. యెరూషలేము నుంచి కొందరు మనుషులొచ్చారు. వాళ్ళు రాగానే పేతురు మెల్లగా ఆ పంక్తి నుంచి లేచి పక్కకి పోయాడు. ఆయన సిద్ధాంతం ఏమీ మార్చుకోలేదు, యేసు ప్రభువు కాడని అనలేదు, పునరుత్థానం జరగలేదని అనలేదు. ఎవరి పక్కన కూర్చుని తింటున్నాడో అది మాత్రం మార్చుకున్నాడు. అయినా పౌలు అందరి ముందూ ఆయన్ని నిలదీశాడు, వీళ్ళు సువార్త సత్యం ప్రకారం నడవడం లేదని రాశాడు. ఒక్క భోజనం దగ్గర సువార్త సత్యమే పోతుందా అని మనకి అనిపిస్తుంది. పోతుందనే పౌలు అంటున్నాడు. మనం బట్టీపట్టిన "యూదుడని గ్రీసుదేశస్థుడని లేదు, దాసుడని స్వతంత్రుడని లేదు" అన్న వాక్యం ఆ తర్వాతి అధ్యాయంలోనే వస్తుంది. అంటే ఆ వాక్యం గాల్లోంచి ఊడిపడలేదు, ఒక భోజనం గొడవ లోంచి పుట్టింది.

కొరింథులో ఇంకా ఘోరం. అప్పట్లో చర్చి బిల్డింగులు లేవు, కాస్త ఉన్నవాళ్ళ ఇంట్లో కూడుకునేవాళ్ళు. రోమా పద్ధతిలో కట్టిన ఇంట్లో భోజనాల గదిలో మూడు పడక బల్లలు ఉంటాయి, ఒక్కోదాని మీద ముగ్గురు, అంటే తొమ్మిది మందికి మించి పట్టరు. మిగతావాళ్ళు బయట వాకిట్లో. లోపలివాళ్ళు, పని లేనివాళ్ళు, ముందే వచ్చి తినేసేవాళ్ళు. దాసులు, కూలీలు పొద్దుపోయాక వచ్చేసరికి ఏమీ మిగిలేది కాదు. "ఒకడు ఆకలిగొనును మరియొకడు మత్తుడవును" అని పౌలు రాసింది దీని గురించే. ఆ వెంటనే, "దేవుని సంఘమును తిరస్కరించి పేదలను సిగ్గుపరచుదురా?" అంటాడు. ఆ తర్వాత కొద్ది వచనాలకే మనందరినీ భయపెట్టే మాట ఉంది, "అయోగ్యముగా" రొట్టె తినేవాడు ప్రభువు శరీరము విషయమై అపరాధి అని.

ఇప్పుడు చెప్పండి, బల్లారాధన రోజు మన అయ్యగార్లు "మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి" అన్నప్పుడు మనం దేన్ని పరీక్షించుకుంటాం? ఈ వారం సినిమాకి వెళ్ళానా, భార్యతో పోట్లాడానా, సిగరెట్ తాగానా, ఇవే కదా. ఇవి పట్టించుకోవద్దని నేను చెప్పట్లేదు. కానీ పౌలు ఆ మాట అన్న చోట సినిమా లేదు, సిగరెట్ లేదు. ఉన్నవాడు లేనివాణ్ణి పంక్తిలో అవమానించడం ఉంది. నాకు యాభై ఏళ్ళుగా బల్ల ఇస్తున్నారు, "నీ పక్కన కూర్చున్నవాళ్ళని నీ ఇంట్లో కూర్చోబెడతావా, అది పరీక్షించుకో" అని ఒక్కసారైనా ఎవరూ అడగలేదు. ఆ ఇల్లుగలామెని కూడా ఎవరూ అడిగి ఉండరు.

ఇదంతా పాత కథ, దీనికీ రాజకీయానికీ ఏం సంబంధం అంటారేమో. దక్షిణాఫ్రికా సంగతి చెప్తాను, కాస్త నెమ్మదిగా వినండి, ఇది నా ప్రసంగానికి వెన్నెముక లాంటిది.

అక్కడ కేప్ ప్రాంతంలో డచ్ రిఫార్మ్‌డ్ చర్చి ఉండేది. 1829లో ఆ చర్చి సినడ్ ముందుకి, అంటే చర్చి పెద్దల సభ ముందుకి, ఒక ప్రశ్న వచ్చింది, రంగు వేరైనవాళ్ళకి బల్ల విడిగా ఇవ్వొచ్చా అని. సినడ్ కుదరదంది. బల్ల అందరికీ ఒకటే, అందరికీ ఒకేసారి, రంగు, పుట్టుక చూడకూడదు, ఇది వాక్యం కాబట్టి మార్పు లేదు అంది. ఎంత మంచి తీర్మానం! కానీ కింద సంఘాల్లో తెల్లవాళ్ళు సణుగుతూనే ఉన్నారు, వాళ్ళ పక్కన మోకరించలేం, ఆ పాత్రలో తాగలేం అని. 28 ఏళ్ళ తర్వాత, 1857లో, అదే సినడ్ ఇంకో తీర్మానం చేసింది. అందరూ కలిసి ఉండడమే మంచిది, వాక్యానుసారం కూడా అదే అని మొదట ఒప్పుకుని, అయితే "కొందరి బలహీనత" వల్ల దేవుని పనికి ఆటంకం కలిగేచోట రంగు వేరైనవాళ్ళకి వేరే కట్టడంలో ఆరాధన పెట్టుకోవచ్చు అంది. కొందరి బలహీనత అట! సర్దుబాటు అన్నారు, తాత్కాలికం అన్నారు, శాంతి కోసం అన్నారు. 1881కల్లా రంగువాళ్ళకి పూర్తిగా వేరే చర్చి ఏర్పాటైంది. 1948లో నేషనల్ పార్టీ గెలిచి వర్ణవివక్షని ప్రభుత్వ విధానం చేసినప్పుడు వాళ్ళకి నమూనా కోసం ఎక్కడికో పోవాల్సిన పని పడలేదు. చర్చి ముందే చూపించింది. వేరు బెంచీలు, వేరు బస్సులు, వేరు ఊళ్ళు అన్నీ ఆ తర్వాత వచ్చినవి, ముందు వచ్చింది వేరు బల్ల.

ఆ విడదీయబడ్డ చర్చే, ఆ రంగువాళ్ళ చర్చే, 1982లో బెల్హార్ అనే చోట ఒక విశ్వాస ప్రమాణం రాసుకుంది, 1986లో దాన్ని అధికారికంగా స్వీకరించింది. జాతిని బట్టి మనుషుల్ని విడదీసే ఏ బోధనైనా మేం తిరస్కరిస్తున్నాం అని దాని సారం. అదే 1982లో ప్రపంచ రిఫార్మ్‌డ్ చర్చిల కూటమి ఒట్టావాలో సమావేశమై వర్ణవివక్షకి దైవశాస్త్ర సమర్థన ఇవ్వడం దుర్బోధ అని ప్రకటించింది. చెడ్డ విధానం అనో, మానవ హక్కుల ఉల్లంఘన అనో ఊరుకోకుండా దుర్బోధ అన్నారు, త్రిత్వాన్ని కాదనే బోధని ఏ పేరుతో పిలుస్తామో అదే పేరుతో పిలిచారు. దీన్ని మీరు బాగా గుర్తుపెట్టుకోవాలి. మన దగ్గర కులం గురించి మాట్లాడితే "అది సోషల్ మేటర్ అమ్మా, మనం వాక్యం చూసుకుందాం" అంటారు. అది వాక్యం విషయమే.

ఇప్పుడు మన తెలుగు నేలకి వద్దాం. మా తాతముత్తాతలు బాప్టిస్టులు, నల్లగొండ వైపు. మా విశ్వాసానికి మూలం ఒంగోలు. జాన్ క్లౌ అనే అమెరికన్ మిషనరీ 1860ల్లో ఒంగోలు వచ్చాడు. ఆయన స్కూల్లో పై కులాల పిల్లలు చేరారు, పట్నంలో పెద్దవాళ్ళు మంచిగా చూస్తున్నారు, అంతా సాఫీగా సాగుతోంది. అప్పుడు ఎర్రగుంట్ల పేరయ్య అనే ఒక మాదిగాయన నమ్ముకున్నాడు, ఆయన వెనక ఆయన మనుషులు రావడం మొదలుపెట్టారు. పై కులాలవాళ్ళు వచ్చి చెప్పారు, వీళ్ళని చేర్చుకుంటే మేం ఉండం, మా పిల్లల్ని తీసేస్తాం అని. క్లౌ ఒక గదిలో, ఆయన భార్య ఇంకో గదిలో బైబిల్ తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం తగిలిందని ఆయన తన జీవితకథలో చెప్పుకున్నాడు. మొదటి కొరింథీ ఒకటో అధ్యాయం, "మీలో లోకరీతిని జ్ఞానులైనను, ఘనులైనను, గొప్పవంశము వారైనను అనేకులు పిలువబడలేదు గాని". పిల్లలు వెళ్ళిపోయారు. మాదిగలు ఉన్నారు.

ఆ క్షణంలో ఆయన వేరే నిర్ణయం తీసుకుని ఉంటే? ప్రాక్టికల్‌గా ఆలోచించి, ముందు పెద్దవాళ్ళు రానీ, తర్వాత వీళ్ళకి వేరే కట్టడం పెడదాం అనుకుని ఉంటే? కేప్ సినడ్ 1857లో చేసిన తప్పే మన దగ్గరా జరిగేది. మా నాయనమ్మ చదువుకునేది కాదు, నేను ఇక్కడ నిలబడేదాన్ని కాదు.

తర్వాత 1876-78 కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని ఆ జనానికి పని, కూలి ఇప్పించాడు. కూటికోసం మతం మారారు అని ఇవాళ మనల్ని అంటుంటారు కదా, ఆయన కరువు పని నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం చేతిలో ఉన్నన్నాళ్ళూ బాప్తిస్మం ఇవ్వలేదు. సాయం అయిపోయాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఆ అంకె మా ఇళ్ళల్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

బాప్తిస్మం పొందినవాళ్ళకి పెట్టిన నియమాలు చాలా సింపుల్‌గా ఉండేవి: ఆదివారం పనికి పోవద్దు, చచ్చిన పశువు మాంసం తినొద్దు, విగ్రహాలకి మొక్కొద్దు. ఇవి భక్తి నియమాల్లా కనిపిస్తాయి, కానీ ఊళ్ళో ఇవి పెద్ద తిరుగుబాటు. మాదిగవాడు ఆదివారం రాను అంటే మోటకి తోలు తొండం కుట్టేదెవరు, చచ్చిన గొడ్డుని ఎత్తేదెవరు, జాతరలో డప్పు కొట్టేదెవరు? వెట్టి అనేది వారానికి ఏడు రోజులూ ఉంటేనే వెట్టి, అందులోంచి ఒక్కరోజు దేవుడిదని తీసేస్తే మిగతా ఆరు రోజుల మీద కూడా వాళ్ళ పట్టు సడలుతుంది. అందుకే ఊరి పెద్దలకి అంత కోపం వచ్చింది. విశ్రాంతిదినం గురించి నేను విన్న అన్ని ప్రసంగాల కంటే పెద్ద ప్రసంగం ఆ నిరక్షరాస్యులు పనికి రాం అని కూర్చుని చేశారు.

కానీ ఇక్కడే ఒక నష్టం కూడా జరిగింది, అది కూడా చెప్పాలి. డప్పు పోయింది. వెట్టితో పాటు డప్పు కూడా సాతానుది అయిపోయింది. మా తాత డప్పుని అటక మీద గోనెసంచిలో చుట్టి దాచాడు, పారెయ్యలేదు, కొట్టలేదు. నేను చిన్నప్పుడు ఒకసారి దించితే తోలు పగిలి ఉంది. ఆయన దాన్ని వేళ్ళతో ఊరికే తడిమి మళ్ళీ చుట్టేశాడు, ఒక్క మాట మాట్లాడలేదు. చర్చిలో హార్మోనియం ఉండేది, తబలా ఉండేది, డప్పు మాత్రం లేదు. "తంబురతోను నాట్యముతోను ఆయనను స్తుతించుడి" అని 150వ కీర్తనలో ఉంది, మరి ఏ వాయిద్యం పవిత్రమో ఏది కాదో ఎవరు నిర్ణయించారు? పురుషోత్తమ చౌదరి గారు పందొమ్మిదో శతాబ్దంలో రాగతాళాలతో కీర్తనలు రాస్తే వాటిని మనం నెత్తిన పెట్టుకున్నాం, పెట్టుకోవాలి కూడా, అంత గొప్ప పాటలు అవి, నాకు ప్రాణం. కానీ పై కులాల సంగీతం గుమ్మం దాటి లోపలికి రాగలిగినప్పుడు మాదిగ డప్పు మాత్రం ఎందుకు బయట ఉండాల్సివచ్చింది? సంస్కృతి గురించి మన దైవశాస్త్రం తేల్చుకోని ప్రశ్న ఇదే. ఇప్పుడు కొన్ని సంఘాల్లో యువకులు డప్పు తెస్తున్నారు, చూసి నేను ఏడ్చాను.

ఇంకో నష్టం. మిషన్లు ప్రాంతాలు పంచుకున్నాయి, దాంతో ఎక్కువగా ఒంగోలు బాప్టిస్టులంటే మాదిగలు, గుంటూరు లూథరన్లంటే మాలలు అన్నట్టు తయారైంది. అంటే చర్చి పేరే కులం పేరు అయి కూర్చుంది. 1850లోనే మద్రాసు మిషనరీ కాన్ఫరెన్స్, కులం వదిలానని చెప్పేవాడు తక్కువ కులమనేవాళ్ళు వండింది తిని రుజువు చెయ్యాలి, అప్పుడే బల్ల, అని తీర్మానించింది. అంత స్పష్టంగా తెలిసినవాళ్ళే పటంలో గీతలు గీసుకుని ఆ రుజువు అవసరం పడకుండా చేసుకున్నారు. ఎవరి పక్కన కూర్చోవాలన్న ప్రశ్నే రాదు కదా, పక్కన ఉన్నది మనవాళ్ళే అయినప్పుడు. ఇవాళ పెళ్ళి బయోడేటాలో డినామినేషన్ పేరు చూసి కులం చెప్పెయ్యగలం మనం.

ఇక రాజకీయం అని మీరు అనుకునే రాజకీయానికి వస్తాను. దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య గారి పేరు విన్నవాళ్ళు ఎంతమంది? పర్లేదు, ఇంతమందైనా ఉన్నారు. 1912లో బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్. 1932లో బ్రిటిష్ ప్రభుత్వం కమ్యూనల్ అవార్డు ఇచ్చింది, అందులో క్రైస్తవులకి కూడా వేరే నియోజకవర్గాలు. మన సీట్లు మనకి, మన ఓట్లు మనకి. ఎవరైనా ఎగిరి గంతేస్తారు కదా? అజరయ్య గారు వద్దన్నారు. ఆయన కారణం రాజకీయ లెక్క కాదు, సంఘం అంటే ఏమిటి అన్నది. సంఘం ఒక కులంలా, తన వాటా కోసం నిలబడే ఒక గుంపులా మారిపోతే అది ఇక క్రీస్తు సంఘం కాదు, అందరి కోసం ఉండాల్సినది తన కోసం ఉండేదిగా అయిపోతుంది అని ఆయన భయం. తర్వాత రాజ్యాంగ సభలో మైనారిటీల ఉపసంఘానికి హెచ్.సి. ముఖర్జీ అనే క్రైస్తవుడే అధ్యక్షుడు, 1949లో మత మైనారిటీలకి రిజర్వు సీట్లు వదిలేసుకున్నారు.

నేను అజరయ్య గారిని గౌరవిస్తాను, ఆయన చెప్పింది సిద్ధాంతంగా నిజమనే నమ్ముతాను. కానీ ఆ నిజానికి వెల ఎవరు కట్టారో చూడండి. 1950 ఆగస్టు 10న షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు వచ్చింది. అందులో మూడో పేరా, హిందూ మతం కాకుండా వేరే మతం అవలంబించేవాళ్ళు షెడ్యూల్డ్ కులం కింద రారు అని. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని, ముస్లింల్ని చేర్చలేదు. మీ మతంలో కులం లేదు కదా అన్నారు. మన వాక్యమే మనకి తిప్పి చెప్పారు! క్రీస్తులో మాల లేడు మాదిగ లేడు అని మనం పాడుకున్నాం, ప్రభుత్వం సరే, మరి మీకు ఎస్సీ సర్టిఫికెట్ ఎందుకు అంది. అద్దెకి ఇల్లు ఇవ్వనామె "అంతకుముందు" అడుగుతుంది, ఆఫీసులో "ఇప్పుడు" అడుగుతారు. రెండు చోట్లా తలుపు మూసుకుంది మా మీదే.

మన రెండు రాష్ట్రాల్లో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్ళని బీసీ-సి లో పెట్టారు, ఒక్క శాతం. అందుకని ఏం జరుగుతోందో ఇక్కడున్న అందరికీ తెలుసు, ఎవరం బయటికి చెప్పం. సర్టిఫికెట్‌లో హిందూ, ఆదివారం చర్చి. పిల్లలకి రెండు పేర్లు. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఒక కేసులో, చర్చికి వెళ్తూ ఎస్సీ ప్రయోజనం అడగడం రాజ్యాంగానికి చేసే మోసం అన్నట్టు మాట్లాడింది. చదివి నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే నాకు తెలిసిన ఎంతో మంది అమ్మానాన్నలు ఆ మాట తమ పిల్లల గురించే అనుకుని ఉంటారు. వాళ్ళని అబద్ధీకులు అనే ముందు ఒక్కటి అడగాలి: చర్చిలో కులం నిజంగా లేకపోతే వాళ్ళకి ఆ కాగితంతో అవసరం ఇంత ఉండేదా? 1985లో సుప్రీంకోర్టు ఇంకో కేసులో, క్రైస్తవుడయ్యాక కూడా అంతే తీవ్రమైన వివక్ష ఉందని చూపించండి అంది. చూపించాల్సిన సాక్ష్యం మన సమాధుల తోటల్లో ఉంది, మన పెళ్ళిళ్ళలో ఉంది. కానీ ఆ సాక్ష్యం చెప్పాలంటే చర్చి తన పాపం తానే ఒప్పుకోవాలి. మూడో పేరా తీసెయ్యమని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది, తీసెయ్యాలనే నేనూ గట్టిగా అంటాను, దాని కోసం మీరు ర్యాలీ పెడితే నేను ముందు వరుసలో నడుస్తాను. కానీ ఆ ప్లకార్డు పట్టుకున్న చేతులే ఒప్పుకోలు కూడా రాయాలి.

ప్రభుత్వం దగ్గర చేయి చాచడం గురించి కూడా రెండు మాటలు. డిసెంబర్ వస్తే ఎల్బీ స్టేడియంలో ప్రభుత్వ విందు, మన ఫంక్షన్ హాళ్ళలో సెమీ క్రిస్మస్, స్టేజీ మీద అన్ని పార్టీల నాయకులూ. పక్క రాష్ట్రంలో పాస్టర్లకి నెలకి 5,000 గౌరవ వేతనం పెట్టారు. పల్లెల్లో పాస్టర్ కుటుంబాల కష్టం నాకు తెలుసు, ఆ డబ్బు తీసుకున్నవాళ్ళని నేను తప్పుపట్టను. కానీ "కైసరువి కైసరునకు" అన్నప్పుడు యేసు ముందు ఒక ప్రశ్న అడిగాడు, ఈ రూపం ఎవరిది అని. నాణెం మీద కైసరు రూపం ఉంది, అది ఆయనకి పోతుంది. మరి మనిషి మీద ఎవరి రూపం ఉంది? ఆదికాండం మొదటి అధ్యాయంలో జవాబుంది. దేవుడి రూపం ఉన్న మనిషిని ఏ కైసరు అవమానించినా చర్చి నోరు తెరవాలి, అది క్రైస్తవుడైనా, ముస్లిమైనా, బస్తీలో ఇల్లు కూలగొట్టించుకున్న ఇంకెవరైనా. విందు తిన్న నోరు తెరుచుకుంటుందా అన్నదే నా టెన్షన్.

జర్మనీలో 1934లో బార్మెన్ అనే ఊళ్ళో దైవశాస్త్రవేత్త కార్ల్ బార్త్ లాంటివాళ్ళు హిట్లర్ కాలంలో ధైర్యంగా ఒక ప్రకటన చేశారు, సంఘానికి క్రీస్తు తప్ప ఇంకో ప్రభువు లేడు అని. గొప్ప ప్రకటన. కానీ అంతకు ముందు ఏడాదే యూదు పుట్టుక ఉన్న పాస్టర్లని తీసెయ్యాలన్న నియమం చర్చిలోకి వచ్చింది, బార్మెన్ ప్రకటనలో యూదుల గురించి ఒక్క మాట లేదు. బార్త్ ముసలితనంలో దానికి పశ్చాత్తాపపడ్డాడు. అంత గొప్పవాళ్ళు కూడా ప్రభువు ఎవరో సరిగ్గా చెప్పి, బల్ల దగ్గర నుంచి ఎవర్ని లేపేస్తున్నారో చెప్పలేకపోయారు. రువాండాలో 1994లో జనాభాలో ఎక్కువమంది క్రైస్తవులే, కలిసి బల్ల తీసుకున్నవాళ్ళే చర్చిల్లో ఒకర్నొకరు నరికారు. దాని గురించి ఇంతకంటే మాట్లాడలేను.

ఇందాక ఒక అమ్మాయి చీటీ పంపింది, "ఆంటీ, ఇవన్నీ నిజమే, కానీ మా వయసువాళ్ళం ఏం చెయ్యగలం, మా ఇంట్లో పెళ్ళి సంబంధాలు చూసేది మా వాళ్ళు" అని. పెళ్ళి దగ్గర మీ మీద ఎంత ఒత్తిడి ఉంటుందో నాకు తెలుసు తల్లీ, దాన్ని తేలిగ్గా తీసుకోను. మా సంఘంలో ఏం చేస్తున్నామో అది మాత్రం చెప్తాను. మాది చిన్న సంఘం, ఎనభై మంది ఉంటాం, అన్ని ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు, అన్ని "అంతకుముందు"లూ ఉన్నాయి. నాలుగేళ్ళ క్రితం మా అయ్యగారు బల్లారాధన ఆదివారం మధ్యాహ్నం అందరికీ భోజనం పెట్టారు, హోటల్ నుంచి కాదు, నెలకొక ఇంటివాళ్ళు వండాలి, అందరూ తినాలి. మొదటి నెల ఎవరూ ఏమీ అనలేదు. రెండో నెల వంట వంతు ఎవరిదో తెలిశాక నాలుగైదు కుటుంబాలకి ఆ రోజు అర్జెంటు పనులు వచ్చాయి. ఒకామె టిఫిన్ బాక్స్ తెచ్చుకుంది, షుగర్ అంది. అయ్యగారు ఎవర్నీ ఏమీ అనలేదు, ఆ తర్వాతి బల్లారాధనలో గలతీ రెండో అధ్యాయం చదివి కూర్చున్నారు, అంతే. మెల్లగా చాలామంది వచ్చారు. టిఫిన్ బాక్స్ ఆమె ఇప్పుడు పోయిన నెల పప్పు ఎవరు చేశారో కనుక్కుని మరీ అడుగుతుంది. పోయిన ఏడాది మా సంఘంలోనే ఒక పెళ్ళి జరిగింది, అబ్బాయి వాళ్ళది ఒకటి, అమ్మాయి వాళ్ళది ఇంకొకటి, రెండువైపులా ఏడుపులు అయ్యాయి, పెళ్ళి కూడా అయింది. ఒక కుటుంబం మాత్రం ఇప్పటికీ బల్ల తీసుకుని, చివరి ఆశీర్వాదం అవగానే భోజనానికి ఆగకుండా వెళ్ళిపోతారు. నాలుగేళ్ళుగా అంతే. వంట ఎవరి వంతైనా సరే, బియ్యం కొలిచేటప్పుడు వాళ్ళ నలుగురి లెక్క కూడా కలిపే పోస్తాం.